చెప్పెటోడు చావడంట

కంపెనీవాళ్లు గోడలకు అంటించమని ఇచ్చిన పోస్టర్లు చూసి కనకమ్మకు నవ్వొచ్చింది. ఒక తెల్లమ్మాయి సముద్రం ఒడ్డున చేతులు చాపి నిలబడి ఉంది. కింద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. మనసు బాగాలేకుంటే మాతో మాట్లాడండి అని దాని అర్థమట. కాఫీ మిషన్ దగ్గర పనిచేసే స్రవంతి చదివి చెప్పింది.

"గా సముద్రం కాడ నిలబెడితే నా మనసు సుత మంచిగనే ఉంటది" అంది కనకమ్మ, పోస్టరు వెనక టేపు అతికిస్తూ.

మాదాపూర్‌లోని ఆ పదంతస్తుల అద్దాల భవనంలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ ఆమె. నలభై ఆరేళ్లుంటాయి. జనగామ దగ్గరి ఊరి నుంచి వచ్చి లింగంపల్లిలో కిరాయికి ఉంటోంది. నలభై మంది ఆడవాళ్లు ఆమె నోటికి భయపడి పనిచేస్తారు. ఆమెకు ఎవరి మీదా పెద్ద గౌరవం లేదు. పదంతస్తులవాళ్లు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం పారేస్తారో చూసే మనిషికి గౌరవం నిలవడం కష్టం.

పోస్టర్లకు కారణం లేకపోలేదు. పక్క భవనంలో ఒక ఉద్యోగి ప్రాణం తీసుకున్నాడు. పేపర్ల నిండా విద్యార్థుల చావు వార్తలే. అందుకని కంపెనీ సెమినార్ హాల్లో గంటసేపు అవగాహన సదస్సు పెట్టి సమోసాలు తెప్పించింది. నీలం ట్యాగు మెడలో ఉన్నవాళ్లకే పిలుపు. హౌస్‌కీపింగ్‌కీ సెక్యూరిటీకీ పసుపు ట్యాగులు. పసుపు ట్యాగు వాళ్లకు మనసనేది ఉండదని పైన ఎవరో తేల్చేసినట్టున్నారు. సదస్సు అయ్యాక నలిగిన సమోసా ముక్కలు ఊడ్చింది మాత్రం వాళ్లే.

రోడ్డుకు అవతల ఇంకో రకం సదస్సు నడుస్తోంది. సకల జనుల సమ్మె మొదలై పదిహేను రోజులు దాటింది. బస్సులు డిపోలు దాటడం లేదు. బొగ్గు రాక కరెంటు పోతోంది. కాంట్రాక్టు ఉద్యోగుల ఫోరం పేరుతో రంగనాథ్ అనే ఆయన ఎదురుగా టెంటు వేసి కూర్చున్నాడు. కొండాపూర్‌లో ఆయనకు ఫ్లెక్సీల దుకాణం ఉంది. టెంటు పొడవునా తెలంగాణ కోసమని ప్రాణం తీసుకున్న పిల్లల ఫొటోలు. రోజూ సాయంత్రం రంగనాథ్ మైకు పట్టుకుని ఒక్కొక్క పేరూ చదివేవాడు. చదువుతూ నిజంగానే ఏడ్చేవాడు. అది నటన అయి ఉంటే కనకమ్మకు అంత రోత పుట్టేది కాదు.

తెలంగాణ రావాలనడంలో ఆమెకు అనుమానం లేదు. రాస్తారోకోలో కూర్చుంది, లాఠీ దెబ్బ మోకాలి మీద తిన్నది. కానీ ఆ ఫొటోల వరుస చూసినప్పుడల్లా ఆమెకు ఒకటే అనిపించేది. వీళ్లలో ఒక్కడికైనా బతికుండగా నువ్వు ఒక చాయ్ తాగిపించినవా, రంగనాథూ?

గేటు దగ్గర భాస్కర్ అని ఒక సెక్యూరిటీ గార్డు ఉండేవాడు. ఇరవై ఏడేళ్లు. కామారెడ్డి వైపు పల్లె. యూనివర్సిటీలో ఎం.ఏ. చదివి, సర్కారు కొలువు కోసం గ్రూప్ టూ పరీక్షకు తయారవుతున్నాడు. కర్రకు బిగించిన అద్దాన్ని కార్ల కింద తిప్పి బాంబులున్నాయేమో చూడటం అతని పని. పన్నెండు గంటలు నిలబడాలి. గార్డులు కూర్చుంటే భవనం మర్యాద పోతుందట.

"కలెక్టరు సారూ, ఇయ్యాల కార్ల కింద ఏమన్న దొరికిందా?" అని కనకమ్మ రోజూ ఎగతాళి చేసేది.

"దొరికితే నీకే ఇస్త అక్కా" అని అతను నవ్వేవాడు.

వానాకాలం మధ్యలో ఆ నవ్వు ఆగిపోయింది. టిఫిన్ డబ్బా తెరిచి, చూసి, మూసేసేవాడు. కళ్లకింద నల్లటి చారలు పడ్డాయి. కనకమ్మ చూసింది. చూసి కూడా కలెక్టరు సారూ అనడం మానలేదు. తర్వాత ఒక సోమవారం నుంచి భాస్కర్ ఉన్నట్టుండి కుదుటపడ్డాడు. అందరితోనూ నెమ్మదిగా మాట్లాడాడు. గ్రూప్ టూ పుస్తకాలన్నీ కట్టగట్టి స్రవంతికి ఇచ్చేశాడు. లిఫ్టు నడిపే మొగిలికి తన స్వెట్టర్ ఇచ్చాడు. ఎప్పుడో గొడవపడిన క్యాంటీన్ మనిషి దగ్గరికి వెళ్లి మనసులో పెట్టుకోకన్నా అన్నాడు.

"పోరడు బాగయిండు" అన్నాడు మొగిలి, స్వెట్టర్ తడుముకుంటూ. కనకమ్మ కూడా అలాగే అనుకుంది.

బుధవారం గార్డు గదిలో చెత్తబుట్ట ఖాళీ చేస్తుంటే నలిపిన కాగితాలు నాలుగు పడ్డాయి. ఊళ్లో రాత్రి బడిలో కనకమ్మ అక్షరాలు నేర్చుకుంది. నిలబడి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. 'నా బలిదానం వృథా కారాదు.' నాలుగు కాగితాల్లోనూ అదే వాక్యం, కొట్టేసి మళ్లీ రాసి. చేతిరాత భాస్కర్‌ది. మాటలు మాత్రం రోడ్డుకవతలి మైకువి.

ఆమెకు ముందు కోపం వచ్చింది. చదువుకున్నావు కదరా, చావు ఉత్తరమైనా సొంతంగా రాసుకోలేవా అని నోటిదాకా వచ్చింది. ఆ తర్వాత సాయిలు గుర్తొచ్చాడు.

సాయిలు ఆమె తమ్ముడు. ఏడేళ్ల కింద పత్తి చేను రెండోసారి ఎండినప్పుడు కళ్లంలో కూర్చుని, "అక్కా, నాకు బతకాలని లేదే" అన్నాడు. కనకమ్మ చేట పక్కన పెట్టనైనా పెట్టలేదు. "చెప్పెటోడు చావడు తియ్, పోయి ఎడ్లకు నీళ్లు పెట్టు" అంది. వాడు పోయి ఎడ్లకు నీళ్లు పెట్టాడు. నాలుగు రోజుల తర్వాత వాడు లేడు. ఆ మాట ఊళ్లో అందరూ అనేదే. ఆమెకు ముందు ఎందరో అన్నారు, తర్వాతా అంటున్నారు. ఆమె అసహ్యించుకునే మనుషుల జాబితాలో మొదటి పేరు ఎవరిదో రంగనాథ్‌కు గానీ కంపెనీకి గానీ తెలియదు.

కాగితాలు కొంగున కట్టుకుని ఆమె ఫెసిలిటీ మేనేజర్ దగ్గరికి వెళ్లింది. నరసింహమూర్తి భీమవరం మనిషి, మణికొండలో ఫ్లాటు. మర్యాదస్తుడు. మర్యాదతో మనిషిని గది బయటికి ఎలా నడిపించాలో ఆయనకు బాగా తెలుసు.

"చూడు కనకమ్మా, నాకు చాలా బాధగా ఉంది. కానీ అతను మన ఉద్యోగి కాదు, ఏజెన్సీ మనిషి. మన ఆవరణలో ఏదైనా జరిగితే రేపు అందరికీ ఇబ్బంది. అతన్ని వేరే చోటికి మార్చమని ఇప్పుడే మెయిల్ పెట్టేస్తాను" అన్నాడు.

"వేరే కాడ సచ్చినా సచ్చినట్టే కద సారూ?"

"అలా మాట్లాడకు. లోపల మీటింగ్ ఉందమ్మా."

ఆమె రోడ్డు దాటి రంగనాథ్ దగ్గరికి వెళ్లింది. ఎంతైనా మనోడు అనుకుంది. ఆయన కాగితాలు చదివి కళ్లు తుడుచుకున్నాడు. "మన పిల్లల గుండెలు గిట్ల మండుతున్నయ్ అక్కా. నేను మాట్లాడుత. నువ్వు ఫికర్ జెయ్యకు" అన్నాడు.

సాయంత్రం డ్యూటీలు మారే వేళకు ఆయన మాట్లాడిన తీరు ఏమిటో తెలిసింది. మైకులో భాస్కర్ పేరు వినబడి కనకమ్మ బయటికి పరుగెత్తుకొచ్చింది. టెంటులో బల్ల మీద భాస్కర్‌ను నిలబెట్టి, మెడలో గులాబీ కండువా వేసి, రంగనాథ్ గొంతు చించుకుంటున్నాడు. "ప్రాణమైనా ఇచ్చేటందుకు సిద్ధమైన బిడ్డ! గిసొంటి బిడ్డలను కన్నది గీ గడ్డ!" జనం చప్పట్లు కొట్టారు. భాస్కర్ ముఖంలో ఎన్నో నెలల తర్వాత ఒక వెలుగు కనబడింది. ఆ వెలుగు చూసి కనకమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకు నడిచింది.

ఆమె బల్ల ఎక్కలేదు. మైకు లాక్కోలేదు. కింద నిలబడి భాస్కర్ చెయ్యి పట్టుకుని, తడిగుడ్డల బకెట్ లాగినట్టు లాగింది.

"ఏందక్కా, ఉద్యమానికి అడ్డమొస్తవా?" అన్నాడు రంగనాథ్, మైకు పక్కకు పెట్టి.

"నీ కొడుకు బాచుపల్లి కాలేజీల సదువుతున్నడంట గద? వాన్ని ఎక్కియ్యి గీ బల్ల. నేను సుత సప్పట్లు గొడత."

ఎవరో నవ్వారు. ఎవరో ఛీ అన్నారు. ఆమె వినిపించుకోకుండా భాస్కర్‌ను భవనం వెనక్కి తీసుకుపోయింది.

అక్కడ జనరేటర్ మోగుతోంది. పక్కనే ఇద్దరు క్యాబ్ డ్రైవర్లు టీ తాగుతున్నారు. కనకమ్మ భాస్కర్‌ను అరుగు మీద కూర్చోబెట్టి, కొంగు విప్పి కాగితాలు చూపించింది. అతను ముఖం తిప్పుకున్నాడు. ఆమె ఏదో అంది. జనరేటర్ హోరులో అతనికి వినబడలేదు. ఇంకోసారి అంది. అప్పుడూ వినబడలేదు. మూడోసారి గొంతెత్తి అరిచింది.

"సచ్చిపోవాలని ఉందారా నీకు?"

సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చి జనరేటర్ ఆగింది. ఆ మాట వెనక గోడల మధ్య మిగిలిపోయింది. డ్రైవర్లు టీ కప్పులు పట్టుకుని అలాగే ఉండిపోయారు. కనకమ్మ వాళ్లవైపు ఒక చూపు చూసింది. వాళ్లు కప్పులతో సహా మాయమయ్యారు.

"ఉందక్కా" అన్నాడు భాస్కర్.

కనకమ్మ నోటి నిండా తిట్లున్నాయి. నిన్ను కన్నవాళ్లేం కావాలిరా, సిగ్గులేదా, ఎం.ఏ. చదివింది దీనికేనా? ఒక్కొక్కటీ పళ్ల వెనక దాకా వచ్చింది. జీవితంలో మొదటిసారి ఆమె వాటన్నింటినీ మింగింది. మందు మింగినంత చేదుగా ఉంది.

"ఎన్ని దినాలసంది?" అని మాత్రం అడిగింది.

అతను చెప్పడం మొదలుపెట్టాడు. నిద్ర పట్టక నెలన్నర. తెల్లారుజామున మూడింటికి మెలకువ వస్తే గుండె మీద బండ పెట్టినట్టుంటుంది. రాని నోటిఫికేషన్ కోసం చదివీ చదివీ ఇప్పుడు ఒక పేజీ కూడా కళ్లకు ఎక్కడం లేదు. నాన్న ఫోనులో ఉద్యోగం సంగతి తప్ప వేరేది అడగడు. అన్నం మట్టిలాగా ఉంటుంది. తెలంగాణ గురించి అతను ఒక్క ముక్కా అనలేదు. కనకమ్మ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం పడలేదు. ఆఖరికి ఆమే అడిగింది.

"మరి గీ కాగితంల బలిదానం అని రాస్తివేందిరా?"

భాస్కర్ కండువా అంచు మెలిపెట్టాడు. "ఊకెనే పోతే పిరికోడంటరక్కా. దీని పేరు మీద పోతే ఫొటో పెడతరు."

కనకమ్మ ఆ అద్దాల భవనాన్ని కింది నుంచి పైదాకా చూసింది. బతికున్నవాడికి కూర్చునే కుర్చీ ఇవ్వని ఊరు చచ్చినవాడికి పన్నెండడుగుల ఫ్లెక్సీ ఇస్తుంది. అటువైపు సముద్రం బొమ్మ, ఇటువైపు ఫొటోల వరుస. థూ అని ఉమ్మాలనిపించింది. పొద్దున తుడిపించిన నేల కనుక ఊరుకుంది.

"రూంల ఏమన్న తెచ్చిపెట్టుకున్నవా?"

అతను తల ఊపాడు. "ఎవ్వరికీ చెప్పకక్కా. నీ కాళ్లు మొక్కుత."

"చెప్త. మీ అక్కకు చెప్త, డాక్టరుకు చెప్త. నువ్వు నన్ను తిట్టుకున్నా సరే. గీ మాట ఒక్కదాన్నే మోసే బలం నాకు లేదు, నీకు సుత లేదు. ఫోన్ తియ్."

ఆ సాయంత్రమే అతన్ని లింగంపల్లిలో తన గదికి తీసుకుపోయింది. భాస్కర్ అక్క మమత బాచుపల్లిలో ఒక బడిలో ఆయాగా పనిచేస్తుంది. ఫోను అందుకున్న మమత ముందు తమ్ముడి గదికి పోయి, కనకమ్మ చెప్పినట్టే అక్కడున్నది తీసి దూరంగా పారేసి, ఆ తర్వాత వచ్చింది. ఏమిటది అని కనకమ్మ అడగలేదు. ఆడవాళ్లిద్దరూ వంతులు వేసుకుని మేలుకున్నారు. భాస్కర్ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"పిచ్చి దవాఖానకు తోల్కపోయిన్రని తెలిస్తే రేపు వానికి పిల్లనెవరిస్తరు?" అంది మమత గుసగుసగా.

"పిల్లను తర్వాత చూద్దం. ముందుగాల పిలగాన్ని చూడు" అంది కనకమ్మ.

పొద్దున్నే ఎర్రగడ్డ దవాఖానకు ఎలా పోవాలన్నది సమస్య అయింది. బస్సుల్లేవు. పేరు చెప్పగానే మొదటి ఆటోవాడు పళ్లికిలించాడు. రెండోవాడిని కనకమ్మ అడగబోతుంటే ఫోను మోగింది. నరసింహమూర్తి.

"కనకమ్మా, నిన్నటి సంగతి డ్రైవర్లు చెప్పారు. అతను మీ దగ్గరే ఉన్నాడా? ఆసుపత్రికి నేను కారు తీసుకొస్తున్నాను. ఆఫీసులో మాత్రం ఎవరికీ చెప్పకండి."

ఆయన తనను మీరు అనడం ఆమె వినడం అదే మొదటిసారి. దారిలో మూసాపేట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నరసింహమూర్తి అద్దంలోంచి భాస్కర్‌ను చూసి, గొంతు సవరించుకున్నాడు.

"మూడేళ్ల నుంచి నేనూ మందులు వాడుతున్నానయ్యా. విటమిన్ డబ్బాలో పోసుకుని ఆఫీసుకు తెచ్చుకుంటాను. మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. మొదటి నెల ఏం పనిచేసినట్టు ఉండదు. ఆపెయ్యాలనిపిస్తుంది. ఆపకు."

మమత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కనకమ్మకు ఆయన మీద జాలి కలగాలి. కలగలేదు. ఇంత తెలిసిన మనిషి నిన్న వేరే చోటికి మార్చేస్తానన్నాడా అనిపించింది. ఏమీ తెలియని రంగనాథ్ కంటే ఈయనే ఎక్కువ చిన్నగా కనబడ్డాడు. అయినా కారు కారే. ఆమె కిటికీ అద్దం దించుకుని కూర్చుంది.

దవాఖానలో లేడీ డాక్టరు భాస్కర్‌తో ఒంటరిగా చాలాసేపు మాట్లాడింది. తర్వాత అందరినీ పిలిచి, ఇది జబ్బేనని, తగ్గేదేనని చెప్పింది. కొన్నాళ్లు ఒంటరిగా వదలొద్దంది. మందులు అక్క చేతిలో ఉండాలంది. కనకమ్మవైపు తిరిగి, "సూటిగా అడిగారట కదా. చాలామంది అడగడానికి భయపడతారు, అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని. పుట్టదు. మంచి పని చేశారు" అంది.

"ఏం మంచి పనమ్మా! ఏడేండ్లు లేటుగ అడిగిన" అంది కనకమ్మ. డాక్టరుకు అర్థం కాలేదు.

భాస్కర్ మమత ఇంట్లో ఉండిపోయాడు. మొదటి మూడు వారాలు నరసింహమూర్తి చెప్పినట్టే గడిచాయి. నోరు ఎండిపోవడం, మత్తు, ఏడుపు. కనకమ్మ వారానికి రెండుసార్లు బాచుపల్లి పోయేది. పోయి ఏం చేసేదంటే, ఊరికే కూర్చునేది. చిక్కుళ్ల ఈనెలు తీసేది. అతను మాట్లాడితే వినేది, మాట్లాడకపోతే మమతతో నీళ్ల ట్యాంకర్ గురించి మాట్లాడేది. నాలుగో వారం ఒక రోజు భాస్కర్ కంచం పక్కకు నెట్టి, "గిదేం పులుసు అక్కా, ఉప్పుకు ఏమన్న కరువొచ్చిందా?" అని విసుక్కున్నాడు. మమత నొచ్చుకుంది. కనకమ్మకు మాత్రం పులుసు అమృతంలా అనిపించింది.

సమ్మె నలభై రెండో రోజున ఆగింది. ఈలోగా ఏజెన్సీ భాస్కర్ పేరు కొట్టేసింది. రాలేదు కాబట్టి తీసేశారట. తీసెయ్యమన్న మెయిల్ కింద నరసింహమూర్తి పేరు కూడా ఉంది. కనకమ్మ ఆయన గదికి వెళ్లి నిలబడింది. బల్ల మీద విటమిన్ డబ్బా కనబడుతోంది. ఆయన కళ్లు డబ్బా మీదికి పోయి, ఆమె ముఖం మీదికి వచ్చాయి. ఆ మాట ఆమె నాలుక కొసన ఉంది. కానీ ఒకడు నమ్మి చెప్పిన జబ్బును కర్రగా పట్టుకుని వాడినే కొట్టడం ఆమెకు రోతగా తోచింది.

"రేపటిసంది పదో అంతస్తు బాత్‌రూములు మావోళ్లు కడగరు సారూ" అంది. "నలభై మందికీ ఒకటేసారి నడుము నొస్తున్నది."

పదో అంతస్తులో పెద్దవాళ్లు కూర్చుంటారు. ఒకటిన్నర రోజు పట్టింది. తర్వాత ఏజెన్సీకి ఇంకో మెయిల్ వెళ్లింది. భాస్కర్‌ను పగటి డ్యూటీకి, అదీ లోపల రిసెప్షన్ వెనక రిజిస్టరు దగ్గరికి తీసుకున్నారు.

ఆ వారమే రంగనాథ్ లింగంపల్లి సందులో ఆమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో మిఠాయి డబ్బా. ఒక యువకుడి ప్రాణం కాపాడిన తెలంగాణ తల్లిగా ఆమెకు వేదిక మీద శాలువా కప్పుతామన్నాడు. మళ్లీ కళ్లు చెమర్చాయి ఆయనకు.

"శాలువా ఇచ్చిపో తమ్మి" అంది కనకమ్మ. "పదో అంతస్తు అద్దాలు తుడిపిస్త. రేపు చచ్చేటోని ఫొటో కంటె బతికినోని ఫొటో మంచిగ అమ్ముడువోతదని ఎవలన్న చెప్పిన్రా నీకు?"

ఆయన మిఠాయి డబ్బా గడప మీద పెట్టి వెళ్లిపోయాడు. కనకమ్మ దాన్ని సందులో పిల్లలకు పంచింది. మిఠాయి చేసిన తప్పేమీ లేదు కదా.

భాస్కర్ పూర్తిగా బాగయ్యాడని చెప్తే అబద్ధం. డాక్టరు దగ్గరికి నెలకోసారి పోతున్నాడు. కొన్ని దినాలు బాగుంటాడు, కొన్ని దినాలు ఉండడు. సంక్రాంతి దాటాక ఒక మంగళవారం మధ్యాహ్నం కనకమ్మ ఎనిమిదో అంతస్తులో కొత్తగా చేరిన ఇద్దరిని తిడుతుండగా ఫోను వచ్చింది.

"అక్కా, ఇయ్యాల మంచిగ లేదు. గదే ఆలోచన వస్తున్నది" అన్నాడు భాస్కర్.

"యాడున్నవ్?"

"కింద. పార్కింగ్‌ల."

"ఆడనే కూసో. ఫోన్ పెట్టకు. వస్తున్న."

ఆమె తిట్టు సగంలో వదిలేసింది. కొత్తవాళ్లిద్దరూ బిక్కముఖాలు వేసుకుని చూస్తున్నారు. లిఫ్టు పైన ఎక్కడో ఉంది. కనకమ్మ నొప్పి మోకాలితోనే మెట్ల మీదికి తిరిగింది. ఫోను చెవికి ఆనించుకుని, "ఆ, చెప్పు, ఇంటున్న" అంటూ ఒక్కో అంతస్తూ దిగుతూ పోయింది.